డబ్బాకి కొత్త బుర్ర

ఆ ఆదివారం పొద్దున జాగ్రత్తగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కాఫీ, తొమ్మిదిన్నరకి డబ్బాకి కొత్త బుర్ర, పదింటికి స్నానం. ఆ మధ్యలోని పని పదిహేను నిమిషాలదేనని ఆ బుర్ర తయారుచేసినవాళ్ళే రాశారు. ఆయన మాత్రం అరగంట కేటాయించాడు. మిగతా పావుగంట ముందుజాగ్రత్తకి.

జాగ్రత్తగారన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. ఆ మూడంతస్తుల ఫ్లాట్లలో వాళ్ళంతా కలిసి పెట్టింది. ఇన్సూరెన్సు ఆఫీసులో ఆయన ఉద్యోగం ప్రమాదాలు జరిగిన చోటికి వెళ్ళి, అవి ఎలా జరిగాయో రిపోర్టు రాయడం. ఇరవై రెండేళ్ళు అదే పనిగా ఇతరుల ప్రమాదాలు చూసీ చూసీ, మంచం దిగేముందు కూడా నేల ఉందో లేదో ఓసారి చూసుకుని దిగే మనిషయ్యాడు. మబ్బు లేకపోయినా గొడుగు, పగలైనా టార్చిలైటు. చెప్పులు లేకుండా గుమ్మం దాటి ఎరగడు, ఎక్కిన మెట్లు లెక్కపెట్టుకోకుండా దిగి ఎరగడు.

ఇక డబ్బా సంగతి. హాల్లో పుస్తకాల అరమీద చెప్పుల పెట్టె అంత నల్లటి డబ్బా ఒకటుంది. లోపల రెండు డిస్కులుంటాయి. రౌటర్‌కి వైరుతో కలిపితే ఇంట్లో ఏ కంప్యూటర్‌లోంచైనా అందులో దాచుకోవచ్చు, కావాలంటే తీసుకోవచ్చు. మామూలు ఇళ్ళలో అందులో ఫోటోలుంటాయి. ఈ ఇంట్లో మాత్రం అత్తగారి గొంతు ఉంది.

అత్తగారు టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్ళు ఊరందరి చెవుల్లో మాట్లాడిన గొంతు ఊరికే కూర్చోలేక, రెండేళ్ళ కిందట చూపులేనివాళ్ళ లైబ్రరీ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేయడం మొదలుపెట్టింది. వెనక చిన్నగదిలో కిటికీకి బొంత కట్టుకుని, తలుపు బిగించుకుని, ఫోనులో రికార్డు చేసుకుంటూ చదువుతుంది. ఆ గదిలోకి అల్లుడికి ప్రవేశం లేదు. మొదటి పుస్తకంలో కథానాయిక కన్నీళ్ళతో వీడ్కోలు చెబుతుండగా ఆయన తల లోపలికి పెట్టి, "అత్తయ్యగారూ, ఊపిరాడుతోందా?" అని అడిగాడు. ఆ ప్రశ్న కూడా రికార్డయింది. ఆ రోజు నుంచి ఆవిడ పనికీ ఆయన జాగ్రత్తకీ మధ్య ఆ తలుపు మూసే ఉంది.

అలా పదకొండు పుస్తకాలు పూర్తయ్యాయి. పన్నెండోది ఇంకా ఫోనులోనే ఉంది, దానికి ఆఖరి అధ్యాయం మిగిలింది. ఈ సాయంత్రం నాలుగింటికి లైబ్రరీ ఆయన వచ్చి అన్నీ పట్టుకెళ్ళాలి. సరిగ్గా ఈ సమయం చూసి పాత ల్యాప్‌టాప్ ప్రాణం విడిచింది. కొత్త ల్యాప్‌టాప్ మహా పట్టింపు మనిషి. ఆ డబ్బా మాట్లాడే తీరు పాతకాలం నాటిదనీ, భద్రత లేనిదనీ దాని మొహం చూడనంది. డబ్బా తయారుచేసిన కంపెనీవాళ్ళు ఏడేళ్ళ కిందటే దాన్ని వదిలేశారు. అయితే ఎక్కడో కొందరు పుణ్యాత్ములు జీతం బత్తెం లేకుండా అలాంటి పాత డబ్బాల కోసమే లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కొత్త ఫర్మ్‌వేర్ రాసి, కావలసినవాళ్ళు వాడుకోండని నెట్‌లో పెట్టారు. ఫర్మ్‌వేర్ అంటే డబ్బాని నడిపించే బుర్ర. పాత బుర్ర తీసి కొత్త బుర్ర పెడితే డబ్బా కొత్త ల్యాప్‌టాప్‌తో సఖ్యంగా మాట్లాడుతుంది.

ఎలా పెట్టాలో నలభై రెండు పేజీలు ఉంటే జాగ్రత్తగారు మూడుసార్లు చదివాడు. ఒక వాక్యం కింద ఎర్ర పెన్సిలుతో రెండు గీతలు గీశాడు. కొత్త బుర్ర రాస్తున్న సేపు కరెంటు పోకూడదు. పోయిందా, డబ్బా ఇక గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. డిస్కులు ఊడదీసి ఇంకోచోట చదివించాలంటే ఆ విద్య తెలిసినవాళ్ళు దొరకాలి. దొరికినా అవి చదువుతాయన్న హామీ లేదు.

"నేను మధ్యాహ్నం వచ్చాక చేద్దామండీ," అంది భార్య, చెప్పులేసుకుంటూ. ఆవిడ ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం చేస్తుంది. ఆ ఆదివారం డ్యూటీ పడింది.

"పదిహేను నిమిషాల పనికి ఇద్దరెందుకు?"

"పనికి కాదు నా భయం. ఆ పనికి ముందు మీరు చేసే ఏర్పాట్లకి."

అత్తగారు మాత్రం పుస్తకం చంకలో పెట్టుకుని, ఫోను చేత్తో పట్టుకుని, చిన్నగది గుమ్మంలో ఆగింది. "అల్లుడుగారూ, రెండేళ్ళ పని. మీ చేతుల్లో పెడుతున్నాను," అని తలుపు వేసుకుంది. ఆవిడ ఆయన చేతుల్లో ఏదైనా పెట్టడం అదే మొదటిసారి. జాగ్రత్తగారి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఆయన ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. అక్షరాలు ఆవగింజలంత ఉన్నాయి. పొరపాటు పడకూడదని వాటిని బాగా పెద్దవి చేశాడు. ఫైలు ఎంచుకుని, మౌస్ నొక్కాడు. స్క్రీను నిండా పెద్ద పెద్ద అక్షరాలతో హెచ్చరిక వచ్చింది: కొత్త ఫర్మ్‌వేర్ రాసేటప్పుడు కరెంటు ఆపవద్దు, డబ్బాని కదపవద్దు. అంతే, ఆయన కుర్చీలోంచి బాణంలా లేచాడు.

మొదట ఫ్రిజ్ ప్లగ్గు పీకాడు. వాషింగ్ మెషీన్‌కి తాడు చుట్టాడు. ఆ తర్వాత గుర్తొచ్చింది, మెయిన్ స్విచ్చి కింద మీటర్ల గదిలో ఉందని, అక్కడికి ఎవరైనా వెళ్ళొచ్చునని. అదీగాక లిఫ్టు కదిలినప్పుడల్లా ఇంట్లో లైట్లు ఓసారి రెప్పలార్పుతాయి. రెండు బోర్డులు రాయాలి. చేతికందిన కాగితాలు ఆఫీసు ఫారాలు. వాటి నెత్తిన ముద్రతో సహా "ప్రమాద స్థల పరిశీలన" అని అచ్చువేసి ఉంది. ఇరవై రెండేళ్ళుగా రోజూ చూసే అక్షరాలు కాబట్టి ఆయన కంటికి అవి కనబడనే లేదు. కింద ఎర్ర స్కెచ్ పెన్నుతో ఒకదానిమీద "స్విచ్చి ముట్టుకోవద్దు" అనీ, ఇంకోదానిమీద "లిఫ్టు ఎక్కవద్దు" అనీ రాసి, కిందికెళ్ళి అంటించి, వచ్చి డబ్బా పక్కన ముక్కాలిపీట వేసుక్కూర్చున్నాడు.

కొత్త బుర్ర రాస్తున్నప్పుడు దీపం మిణుకు మిణుకుమంటుందని వివరాల్లో ఉంది. ఇక్కడ దీపం నిలకడగా వెలుగుతోంది. నిలకడగా ఉండటమే మంచిదనుకున్నాడాయన. పదిహేను నిమిషాలు గడిచాయి. స్క్రీను మీద అదే హెచ్చరిక. అరగంట గడిచింది. అదే హెచ్చరిక. పాత డబ్బా కదా, నెమ్మదిగా ఎక్కుతోంది కాబోలు అని దానివైపు జాలిగా చూశాడు.

ఈలోపు కింద కథ ముదిరింది. ఫ్లాట్ల సెక్రటరీ ఒకప్పటి డ్రిల్లు మాస్టారు. ఉద్యోగం వదిలినా మెడలో ఈల వదల్లేదు. ఆయన పేపరు కోసం దిగి, లిఫ్టు మీద ఒక కాగితం, మీటర్ల గది మీద ఒక కాగితం చూశాడు. "స్విచ్చి ముట్టుకోవద్దు" అన్నది ఆయన్ని అంతగా కదిలించలేదు. పైన అచ్చులో ఉన్న "ప్రమాద స్థల పరిశీలన" చూసేసరికి ఆయనకి చెమటలు పట్టాయి. అంటే ఇన్సూరెన్సువాళ్ళు వచ్చి చూసి తేల్చేశారన్నమాట! వెంటనే ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసి, ఆవరణలోకొచ్చి మూడో అంతస్తుకేసి మెడ చాచాడు.

"జాగ్రత్తగారూ! ఏమిటండీ ఇది? సంగతేమిటి?"

జాగ్రత్తగారు బాల్కనీలోకి ఒక్క గంతులో వచ్చాడు. డబ్బాని వదిలి వచ్చినందుకు మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఏ స్విచ్చీ ముట్టుకోకండి! ఎవర్నీ లిఫ్టెక్కనివ్వకండి! అయిపోవచ్చింది, ఇంకో పది నిమిషాలే!" అని అరిచి, మళ్ళీ లోపలికి మాయమైపోయాడు.

డ్రిల్లు మాస్టారు బిల్డింగుని కిందనుంచి పైదాకా చూశాడు. ప్రమాదాల్లో పండిపోయిన మనిషి మొహమే అలా పాలిపోయిందంటే ఇక పది నిమిషాల్లో ఏది అయిపోబోతోందో వేరే చెప్పాలా? ఈల నోట్లో పెట్టుకుని, రిటైరయ్యాక ఎన్నడూ ఊదనంత గట్టిగా ఊదాడు.

"అందరూ కిందికి! వరసలో! తోసుకోవద్దు!"

వరసలో ఎవరూ రాలేదు కానీ అందరూ వచ్చారు. రెండో అంతస్తు దర్జీ ఆవిడ కుట్టుమిషను తలకాయ ఊడదీసి పసిపిల్లలా గుండెలకి హత్తుకుని దిగింది. ఒకాయన ఒక చెంప గీసుకుని, ఇంకో చెంప నురగతో వచ్చాడు. కొత్తగా పెళ్ళైన జంట చేపల తొట్టిని చెరోవైపు పట్టుకుని, ప్రతి మెట్టుకీ కాసిని నీళ్ళూ కాసిని తిట్లూ ఒలకబోసుకుంటూ దిగారు. పిల్లలైతే సెలవురోజున ఇంత పండగ ఎన్నడూ ఎరగరు. ఏం జరుగుతోందని అడిగినవాళ్ళకి తెలిసినవాళ్ళు చెప్పారు. తెలియనివాళ్ళు ఇంకా వివరంగా చెప్పారు. గోడల్లో కరెంటు పారుతోందని మొదలై, బిల్డింగు పది నిమిషాల్లో ఒరిగిపోతుందన్నంతదాకా వచ్చింది.

అప్పుడు స్కూటరు మీద ఎలక్ట్రీషియన్ దిగాడు. విన్నాడు. సంచీ భుజాన వేసుకున్నాడు.

"ఏదైనా తర్వాత. ముందు మెయిన్ ఆపెయ్యాలి," అన్నాడు.

ఆ మాట మూడో అంతస్తు బాల్కనీకి వినబడింది. జాగ్రత్తగారు గుమ్మంవైపు పరుగెత్తాడు. లిఫ్టు లేదు, ఆయనే వద్దన్నాడు. మెట్లు లెక్కపెట్టడం మర్చిపోయి, మూడేసి చొప్పున దూకుతూ వచ్చి, ఆఖరి మెట్టు దగ్గర నేరుగా డ్రిల్లు మాస్టారి కౌగిట్లో పడ్డాడు.

"శభాష్! మీరు క్షేమంగా వచ్చేశారు, అంతే చాలు," అన్నాడాయన, కౌగిలి బిగిస్తూ.

"వదలండి మాస్టారూ! మెయిన్ ఆపకూడదు! మా అత్తగారి పంచప్రాణాలూ పైనే ఉన్నాయి!"

"అయ్యయ్యో, పెద్దావిడ పైనే ఉండిపోయారా!"

జాగ్రత్తగారు నెత్తీ నోరూ బాదుకుంటుండగానే ఇద్దరు దృఢకాయులు పైకి పరుగెత్తారు. చిన్నగది తలుపు తోసి, ఆవిడ మాట వినకుండా కుర్చీతో సహా ఎత్తి, పొగలాంటిదేమైనా ఉంటుందని కిటికీకున్న బొంత పీకి కప్పి, మూడంతస్తులూ మోసుకొచ్చి ఆవరణ మధ్యలో దింపారు. ఒళ్ళో పుస్తకం, చేతిలో ఫోను. ఆవిడ బొంతలోంచి తల బయటపెట్టి చుట్టూ ఉన్న జనాన్ని చూసింది.

"ఏ పేజీలో ఉన్నానో పోయింది," అంది.

సరిగ్గా అప్పుడే మీటర్ల గదిలో టక్కుమని చప్పుడైంది. బిల్డింగంతటా ఫ్యాన్లు నెమ్మదించి ఆగాయి. జాగ్రత్తగారు ఉన్నచోటే కూలబడ్డాడు.

"ఇప్పుడెవరికీ భయం లేదు!" అని డ్రిల్లు మాస్టారు ప్రకటించాడు. జనం చప్పట్లు కొట్టారు.

జాగ్రత్తగారు నేలమీద నుంచి లేవకుండానే మొత్తం చెప్పుకున్నాడు. డబ్బా సంగతి, బుర్ర సంగతి, బోర్డుల సంగతి. రిపోర్టులు రాసిన అలవాటు కాబట్టి ఒక్క ముక్క దాచలేదు, తన తప్పు దగ్గర ఒక్క మాట తగ్గించలేదు. చప్పట్లు కొట్టిన చేతులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. సగం గడ్డం ఆయన ఏదో అనబోయాడు కానీ, జాగ్రత్తగారు అత్తగారికేసి తిరిగేసరికి ఊరుకున్నాడు.

"పదకొండు పుస్తకాలూ పోయాయి అత్తయ్యగారూ. మీరు నా చేతుల్లో పెట్టారు. నేనే పోగొట్టాను." ఎంతమంది నష్టానికో కాగితం మీద విలువ కట్టిన మనిషికి ఈ నష్టానికి ఏ గడిలో ఏం రాయాలో తోచలేదు.

అత్తగారు కళ్ళద్దాలు తీసి బొంత అంచుతో తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది. మళ్ళీ పెట్టుకుని అల్లుణ్ణి నెత్తినుంచి పాదాల దాకా చూసింది.

"చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చారా?"

ఆయన కిందికి చూసుకున్నాడు. లేవు.

"సరే," అంది ఆవిడ. "పోతే పోయాయి. గొంతు ఇంకా నా దగ్గరే ఉంది. మొదటి రెండూ ఎలాగూ గబగబా చదివేశాను, మళ్ళీ చదవాలనే ఉంది. ముందు ఈ ఆఖరి అధ్యాయం పూర్తిచేయనివ్వండి. చేతిలో ఉన్నది కూడా పోగొట్టుకోవడం ఎందుకు?"

అలా అని ఫోనులో రికార్డింగు మొదలుపెట్టి, దాన్ని మోకాలి మీద పెట్టుకుని, పేజీ వెతుక్కుని, చదవడం మొదలుపెట్టింది.

అది తుపానులో దారి తప్పిన ఓడ కథ. జనం మొదటి పేరాకి మర్యాద కోసం ఊరుకున్నారు. రెండో పేరాకి చేపల తొట్టి నేలమీదికి దిగింది. ఓడలో మంచినీళ్ళు అయిపోయేసరికి పిల్లలు కుర్చీ చుట్టూ చేరారు. ఎలక్ట్రీషియన్ మీటర్ల గదిలోంచి వచ్చి, "వైరింగ్ శుభ్రంగా ఉంది, కరెంటు ఇచ్చేశాను," అని చెప్పబోతే పదిమంది ఒకేసారి "ష్!" అన్నారు. అతను సంచీ కింద పెట్టి, స్కూటరు మీదే కూర్చుని వినసాగాడు. గడ్డం ఆయన చెంప మీద నురగ ఎప్పుడో ఆరిపోయింది.

జాగ్రత్తగారు కూడా విన్నాడు. రెండేళ్ళుగా ఆ గొంతు గోడ అవతలే ఉంది. కిటికీ బొంతకి నిప్పంటుకుంటుందేమో, గదిలో గాలి చాలదేమో అని ఆలోచించాడే గానీ, ఆవిడ ఏం చదువుతోందో ఒక్కరోజు వినలేదు. ఇంత బాగా చదువుతుందని ఆయనకి తెలియనే తెలియదు. సిగ్గేసింది. ఆ సిగ్గు మధ్యలోనే ఓడ ఏమవుతుందో అన్న ఆదుర్దా కూడా పట్టుకుంది.

భార్య డ్యూటీ దిగి వచ్చేసరికి, ఆవరణలో బిల్డింగంతా నేలమీద కూర్చుని ఉంది. మధ్యలో అమ్మ బొంత కప్పుకుని చదువుతోంది. పక్కన భర్త చెప్పుల్లేకుండా కళ్ళు తుడుచుకుంటున్నాడు. దర్జీ ఆవిడ చెవిలో నాలుగు ముక్కలు చెప్పింది. భార్య మెట్లెక్కి పైకి వెళ్ళింది. ఓడ ఒడ్డుకి చేరి, జనం ఊపిరి పీల్చుకుని, చప్పట్లు చరిచే వేళకి తెరిచిన ల్యాప్‌టాప్‌తో కిందికి దిగింది. మధ్యలో కరెంటు పోయినా బ్యాటరీ మీద అది వెలుగుతూనే ఉంది.

"ఏవండీ, అక్షరాలు ఇంత పెద్దవి చేసిందెవరు?"

"నేనే. పొరపాటు పడకూడదని."

"కింద బటను కనబడిందా మీకు?"

"ఏ బటను?"

ఆవిడ పేజీ కిందికి జరిపింది. పెద్దవైపోయిన అక్షరాలు కిందికి తోసేసిన అడుగుభాగంలో ఒక ప్రశ్న, దాని కింద ఒక బటను ఉన్నాయి. కరెంటు పోకుండా ఏర్పాట్లు చేసుకున్నారా, మొదలుపెట్టమంటారా అని అది పొద్దున తొమ్మిదిన్నర నుంచీ ఎంతో ఓపిగ్గా అడుగుతోంది.

"అంటే..." అన్నాడు జాగ్రత్తగారు.

"అంటే మీరింకా మొదలే పెట్టలేదు. డబ్బా ఎక్కడిదక్కడే ఉంది. పాత బుర్రతో, పదకొండు పుస్తకాలతో."

జాగ్రత్తగారు లేచి ఎవరో ఒకర్ని కౌగిలించుకోవాలనుకున్నాడు. దగ్గర్లో డ్రిల్లు మాస్టారే దొరికాడు.

ఈసారి అందరూ పైకి వెళ్ళారు. హాల్లో పట్టినంతమంది హాల్లో, మిగతావాళ్ళు మెట్లమీద. జాగ్రత్తగారు బటను మీద వేలు పెట్టబోయి ఆగాడు. మీటర్ల గది దగ్గర ఎవరినైనా కాపలా పెడదామా, లిఫ్టు దగ్గర ఇద్దరిని... అని ఆయన అంటుండగానే అత్తగారు ఆయన భుజం మీదుగా చెయ్యి చాపి, చూపుడువేలితో టక్కున నొక్కేసింది.

డబ్బా దీపం మిణుకు మిణుకుమంది. ఆ పదిహేను నిమిషాల్లో ఎవరో కాగితం చూడకుండా లిఫ్టెక్కారు, లైట్లు రెప్పలార్పాయి, ఎక్కడో మిక్సీ గర్రుమంది. ప్రతిదానికీ జాగ్రత్తగారి తలప్రాణం తోకకొచ్చింది. దీపం ఆగింది. మళ్ళీ వెలిగింది. కొత్త ల్యాప్‌టాప్ ఏ పట్టింపూ లేకుండా డబ్బాని పలకరించింది. ఒకటి కాదు, రెండు కాదు, పదకొండు పుస్తకాలూ వరసగా కనబడ్డాయి. భార్య మొదటిదాన్ని తెరిచింది. రెండేళ్ళ కిందటి అత్తగారి గొంతు హాలంతా నిండింది. అత్తగారు గబుక్కున వెనక్కి తిరిగి, బాల్కనీలో ఆరేసిన బట్టలు తీసే పని పెట్టుకుంది. బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి.

నాలుగింటికి లైబ్రరీ ఆయన తెల్ల కర్ర నేలకి తట్టుకుంటూ వచ్చాడు. కరెంటొచ్చి గంటలు గడిచినా, చాలామంది లిఫ్టు మీది కాగితం చూసి ఇంకా మెట్లే ఎక్కుతున్నారు. ఆయన మాత్రం ఆ కాగితంతో నిమిత్తం లేకుండా హాయిగా లిఫ్టులో వచ్చేశాడు. పన్నెండు పుస్తకాలూ అందుకుని, ఆఖరి అధ్యాయం అక్కడే కూర్చుని చెవి ఒగ్గి విన్నాడు.

"ఇది గదిలో చదివినట్టు లేదమ్మా. చుట్టూ మనుషులు ఊపిరి బిగబట్టి వింటున్నట్టుంది. ఆఖర్న చప్పట్లు కూడా! మిగతావన్నీ మీరు ఒక్కరే చదివారు. ఇది మాత్రం మాతోపాటు నలుగురూ విన్నట్టుంది. ఇకముందు ఇలాగే చేయండి."

ఆయన వెళ్ళాక అత్తగారు చిన్నగది గుమ్మంలో నిలబడి అల్లుణ్ణి పిలిచింది.

"అల్లుడుగారూ, రేపటి నుంచి పదమూడోది మొదలుపెడుతున్నాను. మీరు కూడా లోపలికి రండి. మీకో పని ఉంది."

జాగ్రత్తగారు చొక్కా సర్దుకున్నాడు. "వేషమా అత్తయ్యగారూ? మాటలెన్ని?" అన్నాడు.

"మాటల్లేవు. రెండో అధ్యాయంలో ఇంటికి చుట్టాలొచ్చి తలుపు తడతారు. నేను వేలెత్తగానే మీరు బల్లని మూడుసార్లు తట్టాలి, అంతే."

మర్నాడు ఆవిడ వేలెత్తింది, ఆయన సరిగ్గా మూడుసార్లు తట్టాడు. కథలో ఇంటి లోపలివాళ్ళకి వినబడలేదేమోనని, ముందుజాగ్రత్తగా నాలుగోసారి కూడా తట్టాడు.